గీత గీసే కుర్చీలో రాజపాళయం మనిషి

మన విరుదునగర్ జిల్లా అనగానే అందరికీ కామరాజ్ గుర్తొస్తారు. మన తిరుచ్చులి అంటే రమణ మహర్షి పుట్టిన ఊరు. ఇవి బయటివాళ్ళకీ తెలుసు. కానీ ఇదే జిల్లాలో, పడమటి కొండల పక్కనున్న రాజపాళయం నుంచి ఇంట్లో తెలుగు మాట్లాడే ఒకాయన మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనే పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా.

1898 జులై 8న పుట్టారు. పుట్టిన కొన్నాళ్ళకే తల్లి, పసితనంలోనే తండ్రి పోయారు. పెద్దయ్యాక గాంధీగారి దారి పట్టి కాంగ్రెస్‌లో చేరారు, జైలుకూ వెళ్ళారు. 1949 ఏప్రిల్‌లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ తర్వాత మద్రాసు ప్రధాని అయ్యారు. అప్పట్లో ఆ పదవిని అలాగే పిలిచేవారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి రాగానే అదే కుర్చీ ముఖ్యమంత్రి కుర్చీ అయింది.

ఆనాటి మద్రాసు రాష్ట్రంలో తమిళ జిల్లాలతో పాటు శ్రీకాకుళం వైపు తెలుగు సీమ, మలబారు, దక్షిణ కన్నడ కూడా ఉండేవి. ఆంధ్రను విడదీయడానికి 1949లో వేసిన విభజన సంఘానికి ఈయనే అధ్యక్షుడు. ఆంధ్ర తరఫున ప్రకాశం, సంజీవరెడ్డి లాంటివాళ్ళు, తమిళుల తరఫున టి.టి.కృష్ణమాచారి, భక్తవత్సలం లాంటివాళ్ళు కూర్చున్నారు. మధ్యలో ఈ తెలుగింటి మనిషి! గీత ఎక్కడ గీసినా ఆయన ఊరు, మన ఊళ్ళు తమిళనాట ఉండాల్సిందే. చాలా విషయాలు కుదిరాయిగాని మద్రాసు నగరం దగ్గర బండి ఆగిపోయింది. ప్రకాశంగారు ఒప్పుకోక విడిగా అసమ్మతి రాసిచ్చారు. ఆంధ్ర అప్పుడు రాలేదు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక, 1953 అక్టోబర్ 1న వచ్చింది.

తెలుగువాడై ఉండి మద్రాసును తెలుగువాళ్ళకు ఎందుకు ఇప్పించలేదని ఎవరైనా అడగొచ్చు. నాకు ఆ ప్రశ్నే సరికాదనిపిస్తుంది. ఆయన పొలం, ఊరు, ఇరుగుపొరుగు అన్నీ ఇక్కడే కదా. ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి అయిన మనకు ఇది ఒకరు చెప్పాలా?

ఇంకో సంగతి మన చదువులకు సంబంధించింది. కాలేజీ సీట్లను కులాలవారీగా పంచే మద్రాసు ఉత్తర్వు మీద చంపకం దొరైరాజన్ అనే ఆమె కోర్టుకెళ్ళారు. హైకోర్టు ఉత్తర్వును కొట్టేస్తే రాజా ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోరాడి 1951లో ఓడిపోయింది. ఆ ఓటమి వల్లనే అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. వెనకబడిన వర్గాలకు సీట్లు కేటాయించే అధికారం దానితోనే ప్రభుత్వాలకు దక్కింది.

అన్నీ మెచ్చుకునేవే అనను. 1950 ఫిబ్రవరిలో సేలం జైల్లో కమ్యూనిస్టు ఖైదీల మీద కాల్పులు జరిగి 22 మంది చనిపోయింది ఆయన పాలనలోనే.

1952 ఎన్నికల్లో ఆయనే ఓడిపోయారు. కాంగ్రెస్‌కు 375లో 152 సీట్లే వచ్చాయి. రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత రాజా కొంతకాలం ఒరిస్సా గవర్నరుగా ఉండి, 1957 మార్చి 16న కన్నుమూశారు. రాజపాళయంలోని సొంత ఇంటిని ఊరికే ఇచ్చేశారు. అదే గాంధీ కలై మండ్రం.