ఆర్థరు కేలీ పండితుడు

నేడు కంప్యూటరుపై లెక్కలు చేయు విద్యార్థులు సంఖ్యల పట్టిక నంతటిని ఒక్క యక్షరముతో పిలుచుచున్నారు. ఈ పద్ధతికి పునాది వేసిన ఆర్థరు కేలీ చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

కేలీ 1821 ఆగష్టు 16వ తేదీన ఇంగ్లాండులోని రిచ్మండునందు జన్మించెను. తండ్రి రష్యాలో వర్తకుడగుటచే శైశవము సెంటుపీటర్సుబర్గున గడచెను. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1842లో గణితపరీక్షయందు ప్రథముడయ్యెను. పిదప జీవనోపాధికై న్యాయశాస్త్ర మభ్యసించి, 14 సంవత్సరములు లండనులో ఆస్తి దస్తావేజులు వ్రాయు న్యాయవాదిగా నుండెను. వృత్తిలో నెంత లాభమున్నను, కుటుంబపోషణకు చాలినంత పని మాత్రమే స్వీకరించి, మిగిలిన కాలమును గణితమున కర్పించెను.

అతని మిత్రుడు సిల్వెస్టరు 1850లో సంఖ్యల పట్టికకు మాత్రిక యని పేరిడెను. 1858లో కేలీ యొక వ్యాసము ప్రకటించి, మాత్రికను ఒకే రాశిగా నెంచి కూడవచ్చుననియు, గుణింపవచ్చుననియు చూపెను. అయితే గుణకారమున వరుస మార్చినచో ఫలము మారవచ్చునని హెచ్చరించెను.

ఈ భావమే మాట్లాబు అను భాషకు ప్రాణము. దీనిని క్లీవు మోలరు 1970వ దశాబ్దిలో నిర్మించెను. తొలిరూపమున వాడుకరులు తమ ప్రమేయములను ఆ భాషలోనే నిర్వచించుకొను వీలులేకుండెను. 1984 నాటి రూపమున నది లభించెను. ప్రమేయమును నిర్వచించునపుడు దాని పేరును, అది పుచ్చుకొను రాశిని, తిరిగి యిచ్చు రాశిని తెలుపవలెను. మాత్రిక కొక్క పేరుండుటచే దానిని యథాతథముగా లోని కందింపవచ్చును. లోపలి చలరాశుల పేళ్లు ఆ ప్రమేయమునకే చెందును. మన యూరి రామయ్య వేరు, పొరుగూరి రామయ్య వేరైనట్లు, లోపలి 'ఏ' వేరు, వెలుపలి 'ఏ' వేరు. లోపల 'ఏ' విలువ మార్చినను వెలుపలి 'ఏ' చెక్కుచెదరదు. ప్రమేయము పని ముగియగానే లోపలి పేళ్లు మాయమగును. ఫలమొక్కటే వెలికి వచ్చును. అన్ని చోట్ల నొకటిగానే యుండవలసిన చలరాశిని మాత్రము ప్రత్యేకముగా ప్రకటింపవలెను.

1863లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆచార్యపదవి నొసగగా, రాబడి తగ్గినను కేలీ సంతోషముతో నంగీకరించెను. స్త్రీవిద్యకును తోడ్పడి, న్యూన్‌హాము కళాశాల పాలకసభకు అధ్యక్షుడయ్యెను. 1895 జనవరి 26వ తేదీన మరణించెను. అతని గణితవ్యాసములు 13 సంపుటములైనవి. కంప్యూటరు నెరుగని కాలమున, న్యాయవాది తీరికవేళ పండిన యాలోచన నేటి విద్యార్థుల చేతికి వచ్చినది. దినమున మిగిలిన గడియను మన బాలబాలికలు చులకనచేయకుందురుగాక!