విక్టర్ హెన్సెన్

మన ఆదిలాబాదు, కరీంనగరు సీమల నడుమ ప్రవహించు గోదావరిలో రొయ్యలు గలవు. వరదనీరు ఎంత మురికిగా నున్నను, రాత్రి ఎంత చీకటిగా నున్నను, రొయ్యకు పైవైపేదో క్రిందివైపేదో తెలియును. వెల్లకిల పడినచో వెంటనే తన దేహమును సరిదిద్దుకొనును. కన్నులకు కానరాని ఈ సంగతి దాని కెట్లు తెలియుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు దారి చూపిన మహనీయుడు విక్టర్ హెన్సెన్. అయినను ఆ సమాధానమును ఆయన స్వయముగా గుర్తింపలేకపోయెను. ఆ వృత్తాంతము విద్యార్థులు తెలిసికొనదగినది.

హెన్సెన్ 1835 ఫిబ్రవరి 10వ తేదీన, నేడు జర్మనీలో చేరియున్న ష్లెస్విగ్ పట్టణమున జన్మించెను. వైద్యశాస్త్రము నభ్యసించుచున్న దినములలోనే కాలేయమునందలి గ్లైకోజెన్ అను పదార్థమును కనుగొనెను. ఫ్రాన్సు దేశమున క్లాడ్ బెర్నార్డ్ అను పండితుడును ఇంచుమించుగ అదే సమయమున దానిని కనుగొనుటచే, కీర్తి యధికముగ ఆయనకే దక్కెను. హెన్సెన్ మాత్రము పరిశోధన మానలేదు.

1863లో ఆయన రొయ్యజాతి ప్రాణులపై గొప్ప గ్రంథమును ప్రకటించెను. రొయ్య చిన్నమీసముల మొదట ఒక్కొక్క సూక్ష్మమైన తిత్తి యుండును. అందు సన్నని రోమములును, వానిపై ఇసుక రేణువులును ఉండును. రొయ్య పెరుగుచు పెంకు విడుచునప్పుడు తిత్తిలోని పొరయు, ఇసుకయు ఊడిపోవును. మరల ఇసుక ఎచటనుండి వచ్చును? హెన్సెన్ పెంకు విడువనున్న రొయ్యను వడగట్టిన సముద్రజలమున నుంచి, ఇసుకకు మారుగా యూరికామ్లపు స్ఫటికములను వేసెను. పెంకు విడిచిన కొన్ని గంటలకు చూడగా తిత్తిలో ఇసుక లేదు. ఆ స్ఫటికములే కనబడెను. రొయ్య రేణువులను బయటినుండి గ్రహించునని తేటతెల్లమయ్యెను.

అయితే ఆ తిత్తి రొయ్యకు చెవి యని హెన్సెన్ తలంచెను. కొమ్ముబూర నూదినప్పుడు మైసిస్ అను చిన్నప్రాణి రోమములు కొన్ని స్వరములకు కంపించుటను ఆయన సూక్ష్మదర్శినిలో చూచియుండెను. కావున ఆ యూహ సహేతుకముగనే తోచెను.

1887లో ఫ్రెంచి పండితుడు ఈవ్ దెలాజ్ ఆ తిత్తులను తొలగించి చూడగా, ప్రాణి ఈదుటలో తూకము తప్పెను. 1893లో వియన్నా పండితుడు అలోయిస్ క్రైడల్ పెంకు విడిచిన రొయ్యకు ఇసుకకు బదులు ఇనుపరజను నిచ్చెను. రొయ్య దానినే తిత్తిలో నింపుకొనెను. పైనుండి అయస్కాంతము నుంచగా రొయ్య వెల్లకిల తిరిగెను! రేణువు బరువు రోమములను ఏ వైపునకు వంచునో దానినిబట్టి రొయ్య క్రిందివైపును నిర్ణయించుకొనునని, ఆ తిత్తి ముఖ్యముగ తూకము నెరుగు నవయవమని స్థిరపడెను. మన చెవిలోపల కూడ ఇట్టి సున్నపు రేణువులు గలవు. రొయ్యజాతి కాళ్ల కీళ్లయందు, కాలు ఎంత వంగినదో తెలుపు నాడీ సాధనములుండుటను 20వ శతాబ్దపు పండితులు కనుగొనిరి.

హెన్సెన్ 1868 మొదలు 1911 వరకు కీల్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడుగా నుండెను. సముద్రమున తేలియాడు సూక్ష్మజీవరాశికి 1887లో ప్లాంక్టన్ అను పేరిడెను. 1889లో నేషనల్ అను నౌకపై అట్లాంటిక్ మహాసముద్రమున వానిని లెక్కించుటకై యాత్ర సాగించెను. మానవుని లోచెవి కణములు కొన్ని నేటికిని ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నవి. 1924 ఏప్రిల్ 5వ తేదీన 89వ యేట కీల్ నగరమున స్వర్గస్థుడయ్యెను.

విద్యార్థులారా! హెన్సెన్ యూహ తప్పినది. ఆయన చూచి వ్రాసినది తప్పలేదు. రొయ్య తానే రేణువులను నింపుకొనునని ఆయన చూపకున్న, ఇనుపరజను నిచ్చు నుపాయము క్రైడల్‌నకు తోచుట దుర్లభము. కన్నదానిని కన్నట్లు వ్రాయువాని శ్రమ, వాని పొరపాటును దిద్దువారికిని ఆధారమగును. మీ ప్రయోగశాల పుస్తకములలో వ్రాయునప్పుడు ఈ సంగతిని మరువకుడు.