పిడికెడు గింజలు... పెద్ద మనసు

కమఠాణ: త్యాగం ఉన్నోళ్లు చేసేదని అనుకుంటాం. లేనోళ్లూ ఇవ్వగలరని తెలుగు పల్లెల్లో చేసి చూపించిన మనిషి బిషప్ అజరయ్య. ఆయన పనిచేసిన డోర్నకల్ మనకు దూరమే. అయినా ఆ రోజుల్లో అదీ, మన బీదర్ సీమా నిజాం రాజ్యంలోనివే.

పేరున్న కొలువు వదిలి..

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరు. మద్రాసులో చదువుకుని వైఎంసీఏ కార్యదర్శి అయ్యారు. దక్షిణాదంతా తిరిగే పని, మంచి పేరు. 1909లో అదంతా వద్దనుకుని డోర్నకల్ వచ్చేశారు. కొత్త చోటు, రాని భాష. మొదట్లో డేరాలోనే మకాం. ముప్పై అయిదేళ్ల వయసులో పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. పదవి వచ్చినా ఎడ్లబండిపై పల్లెలు తిరగడం మానలేదు.

వండే ముందే వాటా

సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పని దొరికితేనే పొయ్యి వెలిగే ఇళ్లు. ఇలాంటోళ్లను ఏం అడుగుతాం, విదేశాల నుంచి వచ్చే డబ్బుతోనే గుడీ బడీ నడుపుదామనుకునే కాలమది. అజరయ్య ఒప్పుకోలేదు. ఎప్పుడూ పుచ్చుకునే చేయిగానే ఉంటే సంఘం సొంత కాళ్లపై నిలబడదని ఆయన నమ్మకం. అందుకే ఇల్లాళ్లు ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కన పెట్టే పద్ధతిని ప్రోత్సహించారు. ఆ గింజలు సంఘం ఖర్చులకు చేరేవి.

చూడ్డానికి చిన్న పనే. కానీ పూట గడవని ఇంట్లో ఆ పిడికెడు తీయాలంటే తల్లి తన ముద్ద తగ్గించుకోవాల్సిందే. మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. ముందే తీసిపెట్టడంలోనే ఉంది అసలు సంగతి. 'నాది' అనే పట్టు సడలేది అక్కడే. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలన్న దానిపై అజరయ్య పుస్తకమూ రాశారు.

గుడి నిలిచింది

డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్‌కు 1939లో ప్రతిష్ఠ జరిగింది. హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కలిపి కట్టించిన ఆ గుడి ఇప్పటికీ ఉంది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

వాళ్లది బియ్యం, జొన్న పండే మన సీమలో అది పిడికెడు జొన్నలు. గింజ ఏదైతేనేం, తీసే చేయి ముఖ్యం!