జెర్డన్ దొర – కలివికోడి

బదిలీ ఉత్తర్వు చూసి విసుక్కోని ఉద్యోగి మనలో తక్కువ. వేసిన ప్రతిచోటా పిట్టల్ని, పాముల్ని పరిశీలించిన ఒక డాక్టరు గురించి ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను. మా అహోబిలానికి దక్షిణాన, కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811లో ఇంగ్లండులో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జనుగా చేరారు. గంజాం, నీలగిరి, తలచేరి తిరిగారు. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు యానాదుల్ని అడిగి జంతువుల సంగతులు తెలుసుకునేవారు. ఆయన సంపాదించిన ఒక పిట్టను 1848లో కలకత్తాలో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశారు. అదే మన కలివికోడి. 1862-64 మధ్య వెలువడిన తన పక్షుల గ్రంథంలో జెర్డన్ తెలుగు పేర్లు కూడా రాశారు. నా మటుకు నాకు ఆయన గొప్పతనం అందులోనే కనిపిస్తుంది. 1870లో స్వదేశం చేరి, రెండేళ్ళకే కన్నుమూశారు.

1900 తర్వాత ఆ పిట్ట శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారికి సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్ళీ దొరికింది. దారి చూపింది స్థానికులే. కలివి పొదల మధ్య రాత్రిపూట తిరుగుతుంది. ఎగరడం కన్నా పరుగే ఎక్కువ. తర్వాత వచ్చిన పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగుజాడలు వెతికేవారు!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు పక్షి. వేటాడితే మూడేళ్ళకు తగ్గని జైలు. సరే, పిట్టను పట్టినవాడికి శిక్ష ఉంది, మరి పొదలు కొట్టేస్తే? అందుకే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి వచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్ళింది. సీమవాణ్ణి, నీళ్ళ విలువ నాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాలువ ఆగలేదు, దారి మార్చుకుంది. ఆ మాత్రం సర్దుబాటు సాధ్యమేనని అప్పుడు తేలింది.

ఐనా పిట్ట పెరిగిన జాడ లేదు. ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడలేదు. 2025 ఆగస్టులో మాత్రం కడప జిల్లాలో ఒక రాత్రి దాని కూత రికార్డయిందని పత్రికల్లో వచ్చింది. ఆ వార్త కత్తిరించి దాచుకున్నాను.