సుబ్బారావు గారి దారిలో పులికాట్ బురద

నీటి అడుగు బురదలో ఏ విషం ఉందో ప్రాణుల చేతే చెప్పించే పద్ధతి ఒకటుంది. దాని గురించి చదివినప్పుడల్లా నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారే గుర్తొస్తారు. ఆయన బురద మీద పనిచేయలేదు. కానీ ఆ దారిలో నడిచిన మన తెలుగువాడు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. బ్యాక్‌లాగ్‌లు లెక్కపెట్టుకునే మనకు ఇది కాస్త ధైర్యమిచ్చే సంగతే. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు గౌను వేసుకున్నందుకు దొర ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోవడం. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు అది.

భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి బోస్టన్ వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. 1940లో లెడర్లీ ల్యాబ్‌కి మారారు.

అక్కడ చేసిన పని మనకు బాగా బుర్రకెక్కుతుంది. కాలేయంలో రక్తం పట్టించేది ఏదో ఉంది. అదేదో తెలీదు. కాలేయ సారాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ బ్యాక్టీరియాకి పెట్టి చూశారు. పెరిగితే అందులో ఉన్నట్టు, పెరగకపోతే లేనట్టు. పెరిగినదాన్ని మళ్లీ విడగొట్టారు. ఇలా వెతికి వెతికి, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసేసింది. స్ప్రూ రోగులకు అది మందైంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు.

బురద పరీక్షలో ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ చూసేది పెరుగుదల, ఇక్కడ చావు. దోమల్ని పోలిన పురుగుల ఎర్ర లార్వాల్నో, బుల్లి రొయ్యల్లాంటి జీవుల్నో బురదలో వదులుతారు. అవి చస్తే విషం ఉన్నట్టే, కానీ దాని పేరు తెలీదు. అప్పుడు కొబ్బరిచిప్పల బొగ్గుపొడి కలుపుతారు. ఈసారి బతికితే అనుమానం పురుగుమందుల్లాంటి సేంద్రియ రసాయనాల మీదికి పోతుంది. లోహాల్ని పట్టే రెసిన్ కలిపితే బతికాయా, దోషి లోహం. జియోలైట్‌తో బతికితే అమ్మోనియా. ఆ తర్వాతే యంత్రంతో కొలిచి ఖాయం చేస్తారు. యంత్రం మనం వెతకమన్నదాన్నే వెతుకుతుంది. ప్రాణి మనం అడగనిది కూడా చెప్తుంది.

మన కాళంగి పోయి పులికాట్‌లో కలుస్తుంది. దారిలో పొలాల నుంచి, ఊళ్ల నుంచి కొట్టుకొచ్చిందంతా చివరికి అడుగున బురదలోనే దిగుతుంది. ఆ బురదలో మేత వెతుక్కునే ఫ్లెమింగోలున్నాయి. ఆ నీళ్లలో రొయ్యలు పట్టి బతికే కుటుంబాలున్నాయి. వాళ్ల వలలు ఖాళీ అయ్యాక కారణం వెతికితే ఏం లాభం? ప్రాజెక్టు టాపిక్ దొరక్క తిరుగుతున్న సివిల్, కెమికల్ మిత్రులారా, ఒక బకెట్టు బురద చాలు, మొదలుపెట్టొచ్చు.