మంచు మీద రాసుకున్న అక్షరాలు

మా డిపార్ట్‌మెంట్ ఫెస్ట్‌కి ఇన్విటేషన్ డిజైన్ చేసే పని ఈసారి నాకు పడింది. తీగలు అల్లుకున్నట్టుండే ఒక స్క్రిప్ట్ ఫాంట్ పెట్టాను. అందరూ బాగుందన్నారు. ఫాంట్ వివరాల్లో స్పెన్సేరియన్ అనే మాట కనిపిస్తే, అదేంటో చూద్దామని వెతికాను. అది ఒక మనిషి పేరు మీద వచ్చిన మాట. ఆయనే ప్లాట్ రోజర్స్ స్పెన్సర్.

ఆయన రాత మీరూ చూసే ఉంటారు. 1886లో కోకా-కోలా లెక్కలు చూసే ఫ్రాంక్ రాబిన్సన్, ఆ పేరుని ఈ పద్ధతిలోనే రాశాడు. అప్పటికి స్పెన్సర్ పోయి 22 ఏళ్లు.

స్పెన్సర్ 1800 నవంబర్ 7న న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1810లో కుటుంబం ఒహాయోకి వెళ్లిపోయింది. అప్పట్లో అదంతా అడవే. రాయడమంటే పిచ్చి, కాగితమేమో దొరకదు. అందుకని చెట్టు బెరడు మీద, ఇసుకలో, చలికాలం మంచు మీద రాసుకునేవాడు. ఈరీ సరస్సు ఒడ్డున నీళ్లకి అరిగి నున్నబడిన గులకరాళ్లుంటాయి. వాటి కోలగుండ్రటి ఆకారాన్నే తన అక్షరాల్లోకి తెచ్చుకున్నాడు.

కుర్రతనంలోనే రాత నేర్పడం మొదలుపెట్టాడు. చర్చిలో బోధకుడు కావాలనుకున్నాడు కానీ, తాగుడు వల్ల ఆ చదువు దాకా వెళ్లలేకపోయాడు. ఈ సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. అంత నిలకడైన గీతలు గీసిన మనిషి బతుకులో నిలకడ కోసం ఇంత కష్టపడ్డాడా అనిపించింది. పెళ్లయిన కొన్నేళ్లకి తాగుడు పూర్తిగా మానేశాడు. మిగతావాళ్లతో కూడా మాన్పించాలని ఊళ్లో ప్రసంగాలు చేశాడు. జెనీవా అనే ఊళ్లో, తన పొలంలోని దుంగల ఇంట్లో రాత బడి నడిపాడు. పన్నెండేళ్లు కౌంటీ ఖజానా పని కూడా చూశాడు.

నేను పెళ్లి కార్డుల రాత అనుకున్నది నిజానికి గుమాస్తాల రాత! ఉత్తరాలు, పద్దులు వేగంగా, చెయ్యి నొప్పి పుట్టకుండా, అందంగా రాయడానికే ఆయన దాన్ని తయారుచేశాడు. వ్యాపార కాలేజీల్లో అదే నేర్పేవాళ్లు. 1864లో ఆయన పోయాక కొడుకులు దాన్ని పుస్తకాల్లో పెట్టారు. 52 డిగ్రీల వాలు, ఏడు మూల గీతలు, వాటిని కలిపితే అక్షరాలన్నీ వస్తాయి. మా భాషలో చెప్పాలంటే ఏడు ఫంక్షన్లతో రాసిన ప్రోగ్రామ్. తర్వాత టైప్‌రైటర్ వచ్చింది. ఆఫీసుల్లో ఆ రాతకి పని లేకుండా పోయింది. అలంకారానికి మాత్రం మిగిలింది.

ఇన్విటేషన్‌లో ఫాంట్ మార్చలేదు. కవర్ల మీద గెస్టుల పేర్లు మాత్రం చేత్తో రాస్తానన్నాను. కీబోర్డుకి అలవాటు పడ్డ చెయ్యి కదా, మొదటి పది కవర్లు పారేయాల్సి వచ్చింది. పదకొండోది పర్లేదు.