బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

తెలుగు నేల జానపద కళలకు పుట్టినిల్లు. యక్షగానం, వీధి భాగవతం, తోలుబొమ్మలాట, ఒగ్గుకథ, చిందు భాగవతం, తప్పెటగుళ్లు, జంగం కథ - ఇలా ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క కళ వికసించింది. పాల్కురికి సోమనాథుడు తన కాలంనాటి ఆటపాటలను పండితారాధ్య చరిత్రలో వివరంగా పేర్కొన్నాడు. వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. మరికొన్ని గ్రంథంలో పేరుగా మాత్రమే మిగిలాయి. ఒక కళ నిలవడానికి, మరొక కళ అంతరించడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు తన జీవితంతో సమాధానం చెప్పిన కళాకారుడు షేక్ నాజర్.

నాజర్ 1920వ సంవత్సరం ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లు గ్రామంలో జన్మించారు. తల్లి బీనాబీ, తండ్రి మస్తాన్. వారిది నిరుపేద దూదేకుల కుటుంబం. దూదిని ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం ఆ కులం వారి వృత్తి. ఆ వృత్తివారిని పింజారులని కూడా అంటారు. ఆ మాటను లోకం తిట్టుగా కూడా వాడుకున్నది. అయితే దూదేకుల వారికి మరొక వారసత్వం ఉంది. వారిలో తరతరాలుగా నాదస్వర విద్వాంసులు ఎందరో వెలిశారు. మతానికి ముస్లిములైనా తెలుగు వారి పెళ్లిళ్లలో, ఉత్సవాలలో మంగళవాద్యం మోగించినవారు వారు. అటువంటి సమాజంలో పుట్టిన నాజర్‌కు సంగీతం పుట్టుకతోనే అబ్బింది.

బాల్యంలోనే ఆయన గొంతులోని మాధుర్యాన్ని ఊరివారు గుర్తించారు. నాటకాలలో పాత్రలు ధరించి బాలనటుడిగా పేరు తెచ్చుకున్నారు. హార్మోనియం, శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. కాని పేదరికం చదువును ముందుకు సాగనివ్వలేదు. పొట్టకూటికి దర్జీ పని నేర్చుకున్నారు. పగలు కుట్టుపని, రాత్రి పాట - ఇదీ ఆయన యౌవనం.

ఆ రోజుల్లో పల్లెలలో జంగం కథలు చెప్పేవారు ఊరూరా తిరిగేవారు. కథకుడు భుజాన తంబురా, చేతి వేళ్లకు అందెలు ధరించి కథ చెప్పేవాడు. పక్కనున్నవారు డక్కీ లేదా గుమ్మెట వాయిస్తూ వంత పాడేవారు. తంబురాకు వాడే సొరకాయ బుర్రను బట్టి బుర్రకథ అనే పేరు వచ్చిందని చెబుతారు. కళలో బలం ఉన్నా కళాకారునికి గౌరవం లేదు. కథ ముగిశాక ఇంటింటికీ తిరిగి బియ్యం అడిగి తెచ్చుకోవలసిందే. చూసేవారికి అది యాచన. చెప్పేవారికి అది బతుకు.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. కళ ప్రజల సమస్యలను పలకాలన్నది దాని ఆశయం. సుంకర సత్యనారాయణ వంటి రచయితలు బుర్రకథలు రచించారు. మోటూరి ఉదయం, కొండేపూడి రాధ వంటి మహిళలు కూడా దళాలుగా ఏర్పడి కథలు చెప్పారు. స్త్రీలు వేదికనెక్కి తంబురా పట్టడం ఆనాటి సమాజంలో సామాన్య విషయం కాదు. ఈ ఉద్యమంలో నాజర్ చేరారు. మొదట కమ్యూనిస్టు కార్యకర్తల బృందంలో ఒకరిగా ఉన్న ఆయన కొద్ది కాలంలోనే ప్రధాన కథకుడిగా ఎదిగారు.

నాజర్ జంగం కథ చట్రాన్ని చెదరనివ్వలేదు. తంబురా, అందెలు, గుమ్మెట, వంత అన్నీ అలాగే నిలిచాయి. ఆ చట్రంలో ఆయన కొత్త ప్రాణం నింపారు. నడుమ కథకుడు నిలబడి పాడుతూ, ఆడుతూ, అభినయిస్తూ కథ నడుపుతాడు. ఒక పక్కనున్న హాస్యగాడు శ్రోతల మనసులోని సందేహాలను నవ్వు పుట్టించేలా అడుగుతాడు. మరొక పక్కనున్నవాడు కథలోని సంగతిని నేటి లోకంతో ముడిపెట్టి రాజకీయ వ్యాఖ్య చేస్తాడు. ముగ్గురి అడుగు, ముగ్గురి గొంతు ఒకే లయలో సాగాలి. నాజర్ శాస్త్రీయ సంగీతంలో పొందిన శిక్షణ, నాటకానుభవం ఇక్కడ ఒక్కటయ్యాయి. ఆయన కథ చెబుతుంటే రాజు, సేవకుడు, వీరుడు, వీరమాత అందరూ ఒకే మనిషిలో కనిపించేవారు.

1943 నాటి బెంగాల్ కరువు లక్షలాది ప్రజలను బలిగొన్నది. ఎక్కడో తూర్పున జరిగిన ఆ ఘోరాన్ని నాజర్ బుర్రకథగా మలచి తెలుగు పల్లెలకు తెలియజేశారు. చదువురాని రైతుకు ఆ కథే వార్తాపత్రిక అయింది. ఆయన రచించిన పల్నాటి యుద్ధం మరొక ప్రసిద్ధ రచన. శ్రీనాథుడు ద్విపదలో చెప్పినట్లు ప్రసిద్ధి పొందిన ఆ వీరగాథను కారంపూడి పరిసరాలలో గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. అన్ని కులాలవారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని కథ, కన్నమదాసును కన్నకొడుకువలె ఆదరించిన కథ అది. ఒక దూదేకుల బిడ్డ ఆ కథ చెబుతుంటే అన్ని కులాలవారు, మతాలవారు కలిసి కూర్చుని విన్నారు. బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతోపాటు ప్రహ్లాద చరిత్రను, క్రీస్తు కథను కూడా ఆయన అంతే శ్రద్ధతో చెప్పారు.

ప్రజలను కదిలించే కళను పాలకులు అనుమానంతో చూడడం సహజం. 1940ల చివరి సంవత్సరాలలో ప్రభుత్వం బుర్రకథ ప్రదర్శనలపై నిషేధం విధించింది. కళాకారులు అరెస్టులను, వేధింపులను ఎదుర్కొన్నారు. దళాలు చెదిరిపోయాయి. నాజర్‌కు అవి కష్టకాలం. అయినా ఆయన తంబురా దించలేదు. పరిస్థితులు చక్కబడిన తరువాత పుట్టిల్లు (1953), అగ్గిరాముడు (1954) చలనచిత్రాల ద్వారా ఆయన బుర్రకథ పట్టణవాసులకు కూడా చేరింది. ఆయన ఆసామి వంటి నాటకాలను కూడా రచించారు. కాలక్రమంలో ఒక విచిత్రం జరిగింది. ఒకనాడు బుర్రకథను నిషేధించిన ప్రభుత్వాలే తరువాతి కాలంలో కుటుంబ నియంత్రణ వంటి పథకాలను ప్రచారం చేయడానికి బుర్రకథనే ఆశ్రయించాయి.

నాజర్ తన విద్యను దాచుకోలేదు. ఎందరో యువకులకు కథ చెప్పడం నేర్పారు. ఆయన బాణీని అనుసరించి రాష్ట్రమంతటా దళాలు వెలిశాయి. అందుకే ప్రజలు ఆయనను బుర్రకథా పితామహుడని పిలుచుకున్నారు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. బిరుదులు వచ్చినా ఆయన జీవితం నిరాడంబరంగానే సాగింది. 1997 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

నాజర్ తన జీవితాన్ని చెప్పగా డాక్టర్ అంగడాల వెంకట రమణమూర్తి గ్రంథస్థం చేశారు. ఆ ఆత్మకథ పేరు పింజారీ. లోకం తిట్టుగా వాడిన మాట ఆ పుస్తకానికి శీర్షికగా నిలిచి గౌరవం పొందింది. బుర్రకథ విషయంలోనూ ఆయన చేసినది ఇదే. యాచకుల పాటగా చులకనైన కళను ప్రజల గొంతుగా మలిచారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. పాత రూపాన్ని చెడగొట్టకుండా, కాలం కోరిన విషయాన్ని అందులో పలికించగలిగినప్పుడు కళ నిలుస్తుంది. నేర్చినవాడు మరొకరికి నేర్పినప్పుడు అది తరం దాటుతుంది. ఈ రెండింటికీ ముందు కావలసినది ఒకటుంది. కళను ఆదరించే సమాజం కళాకారుని కూడా మనిషిగా గౌరవించాలి. టెలివిజన్, సెల్‌ఫోన్ వినోదాల మధ్య బుర్రకథ వేదికలు తగ్గిపోయిన ఈ కాలంలో నాజర్ జీవితం నేటి యువతకు గుర్తుచేస్తున్న సత్యం ఇదే.